"మనసులో ఉన్నది గీయండి" అంటే కొండలు, గుడిసె, కొబ్బరిచెట్టే వస్తున్నాయి. 6, 7 తరగతులకు అబ్‌స్ట్రాక్ట్ ఎలా మొదలుపెట్టాలి?

కూకట్‌పల్లి_ఆర్ట్_టీచర్
6, 7 తరగతులు. సెక్షన్‌కి 38 మంది. వారానికి ఒక్క పీరియడ్, 40 నిమిషాలు. అబ్‌స్ట్రాక్ట్, అంటే వస్తువులు లేకుండా గీతలు, రంగులు, ఆకారాలతోనే బొమ్మ వేయించాలి, వేస్తున్నంతసేపూ పిల్లలు కాస్త ఆలోచించాలి అన్నది నా ఉద్దేశం. కానీ "మీ మనసులో ఉన్నది గీయండి" అనగానే సగం మంది రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు వేసేస్తున్నారు. కొందరు నవ్వు మొహం, ఏడుపు మొహం, పగిలిన గుండె. మిగిలినవాళ్లు ఉన్న రంగులన్నీ కలిపేసి బురద. పైగా ఐదు నిమిషాలకే "అయిపోయింది మేడమ్" అంటూ షీట్ పట్టుకుని వచ్చేస్తారు.
చేతిలో ఉన్నవి: ఏ4 డ్రాయింగ్ బుక్, 12 రంగుల ఆయిల్ పాస్టెల్స్, పోస్టర్ కలర్స్. గోడకి అంటించే డెకరేషన్ ఐడియాలు వద్దండీ, అవి యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి. పిల్లల్ని బొమ్మ ముందు కాసేపు నిలబెట్టే పద్ధతి కావాలి.

డ్రాయింగ్_మాస్టారు
ముందు బొమ్మ వేయడం రావాలి కదా మేడమ్. ఘనం, స్తూపం, వెలుగునీడలు నేర్పండి. అవి రాకుండా అబ్‌స్ట్రాక్ట్ అంటే తప్పించుకునే దారి చూపించడమే. నన్నడిగితే 9వ తరగతి ముందు ఇది వద్దు.

రంగుల_పెట్టె
మాస్టారూ, ఇక్కడ మీతో కలవలేను. 9 నుంచి 12 ఏళ్ల మధ్య పిల్లలకి అచ్చం నిజంలా వేయాలన్న పట్టు మొదలవుతుందని, పిల్లల చిత్రకళ మీద పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లోనే రాశారు. అలా రాకపోయేసరికి "నాకు డ్రాయింగ్ రాదు" అని ముడుచుకుపోయే వయసు కూడా ఇదే. పోలికతో పని లేని బొమ్మ అప్పుడే అక్కరకొస్తుంది. వెలుగునీడలు మానేయమని కాదు, రెండూ పక్కపక్కన నడవాలి.

టీచర్ గారూ, చిక్కంతా "మనసులో ఉన్నది గీయండి" అన్న మాటలోనే ఉంది. అంత పెద్ద మాట అంటే ఎవరైనా తెలిసిన గుర్తునే పట్టుకుంటారు. అడిగేది చిన్నది చేయండి. ఒకే రంగు, ఒకే పరికరం.

మొదటి పీరియడ్ ఇలా చేసి చూడండి. ఏ4 షీట్‌ని మూడుసార్లు సగానికి మడిచి విప్పితే 8 గళ్లు వస్తాయి. అందరికీ నల్ల ఆయిల్ పాస్టెల్ ఒక్కటే, మిగతా పెట్టె బ్యాగులోకి. గడికో మాట మీరు చెప్పాలి: బరువు, తొందర, గుసగుస, చిరాకు, ఎదురుచూపు, తేలిక, తడబాటు, ఆగిపోవడం. గడికి రెండు నిమిషాలు. వస్తువులు, మొహాలు, అక్షరాలు, గుండె గుర్తులు ఉండకూడదు. పాస్టెల్‌ని నొక్కచ్చు, పడుకోబెట్టి లాగచ్చు, వేలితో రుద్దచ్చు. తర్వాత బెంచీలో పక్కవాళ్లతో షీట్ మార్చుకుని ఏ గడి ఏ మాటో పోల్చుకోవాలి.

ఎక్కడ దెబ్బ తింటుందో కూడా చెప్తాను. "చిరాకు" అనగానే క్లాసు క్లాసంతా రంపపుపళ్ల గీత గీస్తారు. తిట్టకండి. వెనక్కి తిప్పమని, "ఇప్పుడు రంపపుపళ్లు లేకుండా చిరాకు గీయండి" అనండి. క్లాసు అక్కడ నిశ్శబ్దమైపోతుంది. మొదటిసారి గీసింది గుర్తున్నది, రెండోసారి గీసేది వెతుక్కున్నది.

లక్డీకాపూల్_అమ్మ
ఇంట్లో మూడో తరగతి పాపతో చేయించచ్చా?

రంగుల_పెట్టె
నాలుగు గళ్లు చాలు. మాటలు కూడా ఒంటికి తెలిసేవే ఇవ్వండి: చలి, దురద, పరుగు, నిద్ర. "ఎదురుచూపు" ఆ వయసుకి కష్టం.

సైన్స్_సారు
దురదకి షీట్ చిరిగిపోతుందేమో చూసుకోండి, మా ఇంట్లోవాళ్ల సంగతి తెలిసి చెప్తున్నా :)

గీతలే_గీతలు
పై అభ్యాసం అయ్యాక నస్రీన్ మొహమ్మదీ బొమ్మలు చూపించండి. కరాచీలో 1937లో పుట్టారు, బరోడాలో పాఠాలు చెప్పారు, 1990లో పోయారు. పెన్సిల్, ఇంకు, స్కేలు, అంతే. ఏటవాలు సన్నగీతలు దగ్గరవుతూ దూరమవుతూ ఉంటాయి. పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే సామానుతోనే ఇంత చేయచ్చని కళ్లారా చూస్తారు. అయితే చేయించాకే చూపించాలి. ముందు చూపిస్తే 38 మందీ ఆవిడనే కాపీ కొడతారు.

డ్రాయింగ్_మాస్టారు
ఆ ఎనిమిది గళ్ల పద్ధతి బాగానే ఉంది, ఒప్పుకుంటాను. గీతమీద పట్టు కూడా వస్తుంది. కానీ రంగు దగ్గరికొచ్చాక ఏం చేస్తారు? బురద సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.

పోస్టర్_కలర్
బురద సంగతి నేను చెప్తా. ఎరుపు, పసుపు, నీలం మూడూ ఒకేచోట కలిస్తే మట్టిరంగే వస్తుంది. ఎదురెదురు రంగులు, అంటే ఎరుపు-ఆకుపచ్చ, నీలం-నారింజ, పసుపు-ఊదా కలిసినా అంతే, ఎందుకంటే ఏ జత తీసుకున్నా మూడు మూలరంగులూ అందులో ఉంటాయి. దానికి తోడు 38 మంది బ్రష్షులు కడిగిన మురికినీళ్లు. కాబట్టి పీరియడ్‌కి రెండు రంగులూ తెలుపూ మాత్రమే ఇవ్వండి. నీలం-పసుపు-తెలుపు ఒక వారం, ఎరుపు-పసుపు-తెలుపు ఇంకో వారం. ఎంత కలిపినా చెడదు. నలుపు మొదటి నెల పూర్తిగా బీరువాలో పెట్టండి.

బెంచీకి రెండు మగ్గులు. మొదటిది కడగడానికి, రెండోది జాడించడానికి. పక్కన పాత కాటన్ గుడ్డ. బ్రష్‌ని మగ్గులో నిలబెట్టి వదిలేస్తే కుచ్చు వంగిపోతుంది, మళ్లీ నిటారు కాదు.

రంగు చిక్కదనం ముఖ్యం. రెండు వంతుల రంగుకి ఒక వంతు నీళ్లు, చిలికిన పెరుగులా జారాలి. మరీ చిక్కగా వేస్తే ఆరాక కాగితం వంగినప్పుడు పగుళ్లిచ్చి పెచ్చులూడుతుంది. మరీ పలచనైతే డ్రాయింగ్ బుక్ కాగితం ఉబ్బుతుంది. తడిపని ఉన్న రోజు 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాములు) ఉండే మందపాటి కాట్రిడ్జ్ షీట్ వాడండి. 22×30 అంగుళాల పెద్ద షీట్ ఒకటి కొని నాలుగు ముక్కలు చేస్తే 11×15 అంగుళాలు వస్తుంది, ఆ సైజు ఈ వయసు చేతికి సరిపోతుంది. ఏ4 మీద భుజం కదలదు, మణికట్టే కదులుతుంది.

ఇంకోటి, మన ఊళ్లో జులై, ఆగస్టుల్లో పోస్టర్ కలర్ పీరియడ్‌లోపు ఆరదు. వానాకాలం పాస్టెల్స్, దీపావళి దాటాక తడిరంగులు పెట్టుకోండి.

కూకట్‌పల్లి_ఆర్ట్_టీచర్
నలుపు బీరువాలో పెట్టమన్నది మంచి మాట. ఇన్నాళ్లూ మొదట ఖాళీ అయ్యేది ఆ సీసానే.

ధూల్‌పేట్_అన్న
జెర నా మాట ఇనుండ్రి. తెల్ల కాగితం మీద తెల్ల మైనపు క్రేయానుతోని గీయమనుండ్రి. గీసేది కండ్లకు కనబడది గదా, అందుకని చెయ్యి ఎట్ల పోతుందో గదే చూస్తరు పిల్లగాండ్లు. బొమ్మ పోలిక సోయే ఉండది. గీసుడు అయినంక పలచగ నీళ్లు గలిపిన ఫౌంటెన్ పెన్ను ఇంకు పెద్ద బ్రష్షుతోని ఒక్కసారి కొట్టాలె. మైనం ఉన్నకాడ నీళ్లు అంటుకోవు. గీత మీద నీలం నీళ్లు సన్న సన్న చుక్కలై నిలబడ్తయి, చుట్టూ కాగితం పీల్చుకుంటది, నడుమ తెల్లగీత మెల్లగ తేలుతది. అప్పుడు ఒక్క పోరడు గూడ మాట్లాడడు, సూడుండ్రి.
పోస్టర్ కలర్ చిక్కగ కొడ్తే మాత్రం అయితలేదు. మైనాన్ని గూడ కప్పేస్తది. ఇంకు గాని, వాటర్ కలర్ గాని ఉండాలె. బ్రష్షు మళ్ల మళ్ల రుద్దద్దు, ఒక్కటే చేయి.

డ్రాయింగ్_మాస్టారు
అది చమత్కారం అన్నా, ఆలోచన కాదు. ఉప్పు చల్లడం, స్ట్రాతో ఊదడం, దారం రంగులో ముంచి లాగడం, అన్నీ ఇదే కోవ. బొమ్మ దానంతటదే వస్తుంది, పిల్లవాడు చేసిన నిర్ణయం ఏముంది అందులో?

రంగుల_పెట్టె
మాస్టారు అన్నది నిజం, అక్కడితో ఆపేస్తే చమత్కారమే. దాని మీద రెండో మెట్టు వేయాలి. పాత శుభలేఖ అట్టని 2 అంగుళాల వెడల్పున ఎల్ ఆకారంలో రెండు ముక్కలు కత్తిరించండి. రెండూ ఎదురుగా పెడితే జరిపే చట్రం అవుతుంది. పిల్లలు ఇంకు షీట్ మీద దాన్ని తిప్పుతూ తమకి నచ్చిన 3 అంగుళాల చదరం వెతకాలి. దొరికాక పెన్సిల్‌తో గీత కొట్టి, ఎందుకు అదే కావాలో వెనకాల ఒక్క వాక్యం రాయాలి. వచ్చే వారం ఆ చదరాన్ని 11×15 షీట్ మీద పాస్టెల్స్‌తో పెద్దది చేయాలి. చదరాన్ని పొడవు కాగితంలోకి తెచ్చేటప్పుడు ఎక్కడో సాగదీయాలి, ఎక్కడో కొత్తగా చేర్చాలి. నిర్ణయాలన్నీ అక్కడే ఉన్నాయి.

డ్రాయింగ్_మాస్టారు
ఇది నాకు నచ్చింది. చదరం నుంచి నిలువుకి అన్నది గట్టి లెక్క.

మల్కాజిగిరి_ముగ్గు
అంతదూరం ఎందుకు, వాకిట్లో ముగ్గు అబ్‌స్ట్రాక్టే కదా. చుక్కలతో మొదలుపెట్టించండి, అందరికీ తెలిసినదే.

గీతలే_గీతలు
ముగ్గు మంచి ఆరంభమే గానీ అందులో తర్వాత గీత ఎటు పోవాలో నియమం చెప్పేస్తుంది. పిల్లలు పూర్తిచేస్తారు, ఆలోచించరు. నియమాన్ని ఒకచోట తెంపమనాలి. 5 వరసలు, వరసకి 5 చుక్కలు పెట్టించి మెలికముగ్గు సగం వేయించండి. సగంలో ఆపి, "ఇక్కణ్నుంచి గీత చుక్కల మాట వినదు, ఎటు పోతుందో నువ్వు చూడు" అనండి. సగం క్రమం, సగం విడుదల ఒకే కాగితం మీద ఉంటాయి. చిత్రకారుడు ఎస్.హెచ్. రజా (1922–2016) బిందువుని అన్నేళ్లు పట్టుకుని వేశారని ఆ తర్వాత చెప్తే చెవికెక్కుతుంది.

మల్కాజిగిరి_ముగ్గు
సగంలో ముగ్గు వదిలేయమంటే మా అమ్మమ్మ ఊరుకోదు గానీ, కాగితం మీద కాబట్టి సరే :) దీనికి తోడు పోచంపల్లి చీర కొంగు ఒకటి క్లాసుకి తీసుకెళ్లండి. నేయకముందే నూలుకి కట్టుకట్టి అద్దకం వేస్తారు కాబట్టి ఆకారం అంచులు తెగ్గోసినట్టు ఉండవు, పోగులుపోగులుగా చెదురుతాయి. ఆకారం వదిలేసి ఆ అంచు ఒక్కటే గీయమనండి. ఒక అంగుళం అంచుని కాగితం నిండా.

తార్నాక_అక్క
అంచు ఒక్కటే గీయడం చాలా బాగుంది. రేపే పెడతాను.

పుస్తకాల_పురుగు
మా వైపు బళ్లలో చిత్రకారుడు కాండిన్‌స్కీ అంటే 12 చదరాలు, లోపల గుండ్రాలు, వాటర్ బాటిల్ మూతలు అంటించడం. 1913లో ఆయన ఆ చదరాలు వేసింది ఒక రంగు పక్కన ఇంకో రంగు పెడితే ఏమవుతుందో చూసుకోవడానికి. ఆ సంగతి పిల్లలకి ఎవరూ చెప్పరు. పన్నెండు వద్దు, రెండే చదరాలు వేయించండి. రెండింటి నడుమా అదే పెట్టెలోని అదే నారింజ, అదే సైజు. ఒకదాని చుట్టూ ముదురు నీలం, ఇంకోదాని చుట్టూ ఎరుపు. రెండు గజాల దూరం నుంచి చూడమనండి. నీలంలోని నారింజ మండుతుంది, ఎరుపులోనిది పసుపువైపు జరిగి నీరసపడుతుంది. "రెండూ ఒకే రంగేనా టీచర్?" అని అడుగుతారు. అంతకంటే మంచి ప్రశ్న ఆ పీరియడ్‌లో రాదు.

సైకాలజీ_చదువు
ఒక హెచ్చరిక. ఎరుపు అంటే కోపం, నలుపు అంటే దిగులు అని చార్ట్ కట్టి గోడకి పెట్టకండి. పిల్లవాడు నలుపు తీసుకున్నాడంటే అది గాఢంగా పడుతుందని కావచ్చు, మిగతా రంగులు పక్కవాడి దగ్గర ఉండచ్చు. బొమ్మ చూసి బిడ్డ మనసు చదివేశాం అనుకోవడం తప్పు. ఏ బాధతో వేశావు అని నలుగురి ముందు అడగడం ఇంకా తప్పు. పిల్లలే నోరు తెరిచి భయపెట్టే విషయం చెప్తే అది క్లాసులో చర్చకి పెట్టేది కాదు. విడిగా కూర్చోబెట్టి వినాలి, బళ్లో కౌన్సెలర్ ఉంటే చెప్పాలి, అవసరమైతే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది.

కూకట్‌పల్లి_ఆర్ట్_టీచర్
మరి ఏం అడగాలండీ? "ఇదేంటి" అంటే ఏదో ఒకటి కల్పించి చెప్పేస్తారు. "బాగుంది" అంటే మాట అక్కడితో ఆగిపోతుంది.

సైకాలజీ_చదువు
"ఇదేంటి" అన్నారంటే ఏదో వస్తువు ఉండి తీరాలని మీరే చెప్పినట్టు. చేసిన పని గురించి అడగండి. ఎక్కడ మొదలుపెట్టావు? ఏ చోట ఎక్కువసేపు ఉన్నావు? ఒకటి తీసేయాలంటే ఏది తీసేస్తావు? ఇక్కడ ఖాళీ కావాలనే వదిలావా?
వేరేవాళ్ల బొమ్మ చూసేటప్పుడైతే ఫిలిప్ యెనవైన్, అబిగైల్ హౌసెన్ తయారుచేసిన మూడు ప్రశ్నలు సరిపోతాయి. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? నీకలా అనిపించడానికి అందులో ఏం కనబడింది? ఇంకా ఏం కనబడుతోంది? రెండో ప్రశ్న వదలకండి. "కోపంగా ఉంది" అన్న పిల్ల ఆ ప్రశ్నకి మళ్లీ బొమ్మ దగ్గరికి వెళ్లి "గీతలన్నీ ఈ మూలకి తోసేస్తున్నాయి" అని వేలుపెట్టి చూపిస్తుంది. మీరు ఆ మాటనే ఇంకోలా తిరిగి చెప్పండి, అంతే, తప్పొప్పులు చెప్పకండి.

తార్నాక_అక్క
38 మందితో ఇది కుదరదు కదా, 40 నిమిషాల్లో.

సైకాలజీ_చదువు
జతలుగా, మనిషికి మూడు నిమిషాలు. క్లాసంతా కలిసి మాట్లాడేది నాలుగు షీట్ల మీదే, వారానికో నలుగురివి. షీట్లు ఆరడుగుల దూరంలో గోడకి పెట్టాలి, చేతిలో పట్టుకుని చూస్తే ముక్కలుగానే కనిపిస్తుంది. గోడకి పెట్టినవాళ్లు ముందు మాట్లాడకూడదు, మిగతావాళ్లు చెప్పింది విన్నాకే.

రంగుల_పెట్టె
"అయిపోయింది మేడమ్"కి నా మందు ఇది. షీట్ తలకిందులు చేసి బెంచీ మీద పెట్టి, పెన్సిల్ కింద పడేసి ఒక నిమిషం చూడాలి. తర్వాత అరచేత్తో ఒక్కో మూల మూసి చూడాలి. మూసినా బొమ్మలో తేడా రాలేదంటే ఆ మూలలో ఇంకా ఏం జరగలేదన్నమాట. ఇక ఒకే ఒక్క పని చేయడానికి అనుమతి: ఒకటి చేర్చడం, లేదా ఒకటి తీసేయడం. ఆయిల్ పాస్టెల్‌ని ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను మొనతో గీకితే కింద పొర బయటపడుతుంది. పోస్టర్ కలర్ తడిగా ఉండగా 2 అంగుళాల అట్టముక్కతో లాగేయచ్చు. చిత్రకారుడు గైతోండే (1924–2001) రోలరుతో, ప్యాలెట్ నైఫ్‌తో రంగు పరిచి, గీకి, మళ్లీ పరిచేవారు. తీసేయడం కూడా గీయడమేనని పిల్లలకి అక్కడ అర్థమవుతుంది.
ఐదు నిమిషాల్లో వచ్చిన షీట్‌ని వద్దనకండి. ఇంకో చిన్న పని ఇచ్చి వెనక్కి పంపండి, చాలు.

పాటల_పందిరి
సంగీతం పెట్టి గీయించమని చాలామంది చెప్తారు. మీ అభిప్రాయం?

ధూల్‌పేట్_అన్న
సిన్మా పాట పెట్టినవంటే గీసుడు బందు, డ్యాన్స్ షురూ.

గీతలే_గీతలు
అన్న చెప్పిందే. మాటలున్న పాట పెడితే పాటలో ఉన్న వస్తువే గీస్తారు, వాన అంటే గొడుగు. వీణ ఆలాపన, షెహనాయ్, ఒట్టి మృదంగం ఇలా మాటలు లేనివి మూడు నిమిషాలది చాలు. మొదటిసారి కళ్లు మూసుకుని చేతులు బెంచీ మీద పెట్టి వినాలి, ఏమీ పట్టుకోకూడదు. రెండోసారి వేలితో గాల్లో. మూడోసారి కాగితం మీద. మొదటిసారే పాస్టెల్ ఇస్తే తాళానికి చుక్కలు కొడతారు, ఇంకేం వినరు.

ఘట్‌కేసర్_రాళ్లు
ఖర్చు లేని పని చెప్తా. మన ఊరు మొత్తం గ్రానైట్. బడి ఆవరణలో బండ లేకపోతే గోడ, మ్యాన్‌హోల్ మూత, చెట్టు బెరడు ఏదైనా సరే. పలచటి కాగితం కావాలి, 70–75 జీఎస్‌ఎం జిరాక్స్ పేపర్ సరిపోతుంది. దాన్ని ఆ గరుకు మీద పరిచి, క్రేయానుకి చుట్టిన కాగితం ఒలిచి, పక్కకి పడుకోబెట్టి రుద్దాలి. డ్రాయింగ్ షీట్ మందం ఎక్కువ, గరుకు పైకి రాదు. కాగితం జరిగితే బొమ్మ రెండుగా పడుతుంది, ఒకరు పట్టుకోవాలి, ఒకరు రుద్దాలి. చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ 1925లో ఇలాగే నేలచెక్క మీద మొదలుపెట్టాడు.
తర్వాతి పీరియడ్‌లో ఆ కాగితాలు చేత్తో చింపి, కత్తెర లేకుండా, రంగుల చార్ట్ ముక్క మీద పేర్చాలి. మొదటి 15 నిమిషాలు జిగురు ఇవ్వకండి. జిగురు చేతిలో ఉంటే మొదట పెట్టినదే అంటించేస్తారు, జరిపి చూడరు. అంటించేటప్పుడు ఫెవికాల్ బ్రష్‌తో పలచగా అంచులకి, నడుమ ఒక చుక్క. ముద్దగా పెడితే కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది.

లక్డీకాపూల్_అమ్మ
జిగురు ఆలస్యంగా ఇవ్వడం అన్నది నేను ఇంట్లోనూ పెడతాను.
ఒక తల్లిగా అడుగుతున్నా, ఇంటికి ఇలాంటి షీట్ వస్తే మేం ఏమనాలి? "పిచ్చిగీతలు" అనేది ఎలాగూ అనను.

తార్నాక_అక్క
షీట్ వెనకాల పిల్లలతోనే రెండు వాక్యాలు రాయించి పంపుతాం మేము. "నేను వాడినవి", "నేను మధ్యలో మార్చినది". ఇంట్లోవాళ్లు ఆ రెండో వాక్యం గురించి అడిగితే మాట దానంతటదే నడుస్తుంది. మార్కులు కూడా అక్కడే వేయచ్చు: రెండో ప్రయత్నంలో ఏం మారింది, ఎందుకు. అందంగా ఉందా లేదా అన్నదానికి మార్కు పెట్టారంటే మళ్లీ కొండలే.

డ్రాయింగ్_మాస్టారు
పేరు పెట్టించాలా వద్దా? నేనైతే పెట్టించాలంటాను. పేరు పెడితే ఏం చేశాడో వాడికే తేలుతుంది.

గీతలే_గీతలు
చివర్లో పెట్టించండి, ముందు కాదు. "తుఫాను" అని ముందే రాసుకుంటే తుఫానే గీస్తాడు. నామవాచకం కాకుండా క్రియ అడగండి: "తోసుకోవడం", "దాక్కోవడం". వస్తువు దానికదే తప్పుకుంటుంది.

పుస్తకాల_పురుగు
వీలుంటే ఒకసారి మాదాపూర్ స్టేట్ గ్యాలరీకి తీసుకెళ్లండి. అసలు కాన్వాస్ ముందు నిలబడితే బ్రష్ వెళ్లిన దారి, రంగు మందం కనిపిస్తాయి, ఫోన్‌లో ఇవి రావు. పిల్లలకి ఒక్కటే పని ఇవ్వండి: ఒక బొమ్మ ఎంచుకుని దాని ముందు ఐదు నిమిషాలు. హాలంతా తిప్పకండి. పోయేముందు ఏం ప్రదర్శన నడుస్తుందో కనుక్కోండి.
ఇంకా, తాంత్రిక జ్యామితితో (పూజా యంత్రాల్లో ఉండే త్రికోణాలు, చక్రాల్లాంటివి) బొమ్మలు వేసిన పి.టి. రెడ్డి (1915–1996) మన హైదరాబాద్ చిత్రకారుడే. ఈ ఊళ్లో కూర్చునే ఇలాంటి పని చేశారని తెలియడం పిల్లలకి మంచిది.

కూకట్‌పల్లి_ఆర్ట్_టీచర్
ఇన్ని పనికొచ్చే మాటలు ఒక్కచోట దొరుకుతాయనుకోలేదు. ఈ నెలకి నేను అనుకున్నది ఇది. మొదటి వారం 8 గళ్లు, రంపపుపళ్లు లేకుండా రెండోసారి. రెండో వారం తెల్ల క్రేయాను, ఇంకు. మూడో వారం ఎల్ చట్రం, పెద్దది చేయడం. నాలుగో వారం గోడకి పెట్టి మాట్లాడుకోవడం. పోస్టర్ కలర్స్ దీపావళి తర్వాత.
ఒక్క సందేహం. మూడో వారం షీట్లు ఆయిల్ పాస్టెల్‌వి, 76 షీట్లు బీరువాలో ఒకదాని మీద ఒకటి పెడితే అంటుకుపోతాయా?

పోస్టర్_కలర్
అంటుకుంటాయి. ఆయిల్ పాస్టెల్ పూర్తిగా ఎప్పటికీ ఆరదు. షీట్‌కీ షీట్‌కీ మధ్య బటర్ పేపర్ పెట్టండి, న్యూస్ పేపర్ వద్దు, ఇంకు దిగుతుంది. పైన బరువు పెట్టకండి. వేసవిలో అయితే కిటికీ పక్క బీరువా వద్దు, ఎండకి మెత్తబడి కాగితానికి నూనె దిగుతుంది. బొమ్మ చుట్టూ అర అంగుళం అంచు వదిలించారంటే పట్టుకోవడానికి, క్లిప్ పెట్టడానికి వీలుగా ఉంటుంది.

ధూల్‌పేట్_అన్న
ఇంకు రోజు తెల్ల యూనిఫాం ఉన్న దినం పెట్టకుండ్రి మేడమ్.